అడిగినవన్నీ చెయ్యలేం, చెయ్యకూడదు కూడా

(ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్లు హాజరైన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. అక్కడక్కడా చిన్న సవరణలు తప్ప మాట్లాడింది మాట్లాడినట్టే.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

సాఫ్ట్‌వేర్ ప్రొడక్ట్‌లో ఏ రిక్వైర్‌మెంట్లు, అంటే వాడేవాళ్లకి కావాల్సిన పనులు, చెయ్యాలి, ఏవి పక్కన పెట్టాలి అన్నది నాకిచ్చిన అంశం. దీని మీద పద్ధతులకేం కొదవ లేదు. మార్కులు వేసేవి ఉన్నాయి, ఓట్లు వేయించేవి ఉన్నాయి, బోర్డు మీద నాలుగు గళ్లు గీసి చీటీలు అంటించేవి ఉన్నాయి. వాటిలో రెండు మూడు ఇవాళ చెప్తాను కూడా. నా అసలు మాట మాత్రం ముందే చెప్పేస్తాను. మధ్యలో ఎవరైనా బస్సు టైమైందని లేచి వెళ్లినా నష్టం ఉండదు. [నవ్వులు] లిస్టులో ఉన్నవాటిలో ఏది ముందో తేల్చడం తేలికైన పని. ఆ లిస్టు ఎలా తయారైంది, అందులో ఎవరి మాట చేరింది, ఎవరి మాట అసలు చేరనే లేదు అని చూడటం కష్టమైన పని. మన మీటింగులన్నీ మొదటి పనికే అయిపోతాయి.

గాల్లో మాట్లాడకుండా ఒక్క ప్రొడక్ట్ పట్టుకుందాం. మందుల షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. అలాంటిదాని మీద నేను కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి లోపలి సంగతులు తెలుసు. మీరంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ కౌంటర్ ముందు నిలబడినవాళ్లే కాబట్టి సగం మీకూ తెలుసు.

గుంటూరు కొత్తపేట లాంటి చోటు అనుకోండి, చుట్టూ ఆసుపత్రులే. సాయంత్రం ఓపీలు అయ్యేసరికి జనం ఒక్కసారిగా షాపుల మీద పడతారు. చీటీ మీద రోజుకి రెండు చొప్పున ఐదు రోజులు అని ఉంటుంది. పది మాత్రలు. స్ట్రిప్‌లో ఉన్నవి పదిహేను. కౌంటర్లో కుర్రాడు కత్తెరతో పది కత్తిరించి ఇస్తాడు, మిగిలిన ఐదూ డబ్బాలో పడేస్తాడు. ఇక్కడిదాకా మీరు చూసిందే.

ఇప్పుడు కంప్యూటర్లో ఏం జరగాలో చూడండి. నలభై స్ట్రిప్పుల స్టాకు ముప్పై తొమ్మిది స్ట్రిప్పులూ ఐదు మాత్రలూ కావాలి. ఎమ్మార్పీని పదిహేనుతో భాగించి ధర కట్టాలి, పైసలు సర్దాలి. అదే మందు షెల్ఫులో రెండు బ్యాచ్‌లు ఉంటుంది, ఒక్కోదానికి ఒక్కో ఎమ్మార్పీ. ఏ బ్యాచ్ చేతికిచ్చాడో అదే బిల్లులో ఎక్కాలి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ స్ట్రిప్‌కి ఒక చివర, కళ్లజోడు లేకపోతే కనపడనంత చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ చివర కాస్తా కత్తిరించి ఇచ్చేస్తే మిగిలిన ముక్క ఏ బ్యాచ్‌దో దేవుడికే ఎరుక.

కౌంటర్ ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. ఒకావిడ చంకలో పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. కుర్రాడు ఏం చేస్తాడు? స్క్రీన్ మీద మొదట కనపడిన బ్యాచ్ మీద ఎంటర్ కొడతాడు, చేతికి అందిన స్ట్రిప్ ఇచ్చేస్తాడు. రెండూ ఒకటే కావాలని లేదు.

నెలాఖరుకి స్టాకు లెక్క తేలదు. ఓనరు గారు ఫోన్ చేస్తారు. "ఏమండీ, స్టాకులో తేడా వస్తోంది. బ్యాచ్‌ల వారీగా తేడా చూపించే రిపోర్టు ఒకటి పెట్టండి. వేరే సాఫ్ట్‌వేర్లో ఉందంట." మన సపోర్టు వాళ్లు బుద్ధిగా రాసుకుంటారు: బ్యాచ్‌వారీ స్టాకు తేడా రిపోర్టు. ఆ నెలలోనే ఇంకో పది షాపుల వాళ్లు అదే అడుగుతారు. ఓట్లు పెరుగుతాయి, లిస్టులో పైకి వస్తుంది, చేసేస్తాం. ఇప్పుడు ఓనరు గారికి రోజూ రాత్రి తేడా ఎంతో చక్కగా, రంగుల్లో కనిపిస్తుంది. తేడా మాత్రం అలాగే ఉంది. [నవ్వులు]

మా టెస్టింగ్ టీమ్‌లో ఒకమ్మాయికి మేనమామ మందుల షాపు ఉంది. సాయంత్రాలు అక్కడ కూర్చుని వచ్చి ఒక మాట చెప్పింది. "సార్, వాళ్లు బ్యాచ్ చూడట్లేదు. చూసే టైం లేదు వాళ్లకి." అంతే, రిపోర్టు పక్కకి పోయింది. దాని బదులు గడువు దగ్గరపడిన బ్యాచ్ స్క్రీన్ మీద ముందు వచ్చేలా, దాని పక్కనే ఎమ్మార్పీ, గడువు నెల పెద్ద అక్షరాల్లో కనపడేలా మార్చాం. కుర్రాడు చేతిలోని స్ట్రిప్‌నీ స్క్రీన్‌నీ ఒక్క చూపులో పోల్చుకోగలిగాడు. రిపోర్టు కంటే చిన్న పని అది. లిస్టులో మాత్రం ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు మరి.

ఎందుకు అడగలేదు? అక్కడే ఉంది అసలు కిటుకు. సాఫ్ట్‌వేర్‌ని రోజంతా వాడేది కౌంటర్లో కుర్రాడు. అతను మనకి ఫోన్ చెయ్యడు. మన నంబరు అతనికి తెలీదు, తెలిసినా చేస్తే ఓనరు ఏమంటాడో అని భయం. ఫోన్ చేసేది ఓనరు. ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు, ఆయనకి కావాల్సినవి రిపోర్టులు. నెలకోసారి వాడే ఆడిటర్ గారి ఆఫీసు వాళ్లు ఇంకా గట్టిగా ఫోన్ చేస్తారు, ఎందుకంటే వాళ్లకి పన్ను రిటర్న్ గడువు తరుముకొస్తుంటుంది. కొత్త షాపుకి అమ్మడానికి వెళ్లిన మన సేల్స్ కుర్రాడు పక్క కంపెనీ వాళ్ల బ్రోషర్ చూసి వచ్చి ఓ అరడజను రాస్తాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మన లిస్టు సరిగ్గా అదే సూత్రం మీద నడుస్తుంది. కొండవీటి చాంతాడంత లిస్టు ఉంటుంది, అందులో కౌంటర్ కుర్రాడిది ఒక్క లైను ఉండదు. మనకి ఎవరెవరు ఫోన్ చెయ్యగలరో ఆ లెక్కే మన లిస్టు.

ఇది చిన్న కంపెనీల జబ్బేం కాదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ సంగతి చూడండి. 2003 వెర్షన్ నాటికి వర్డ్‌లో పదిహేను వందలకి పైగా కమాండ్లు పేరుకుపోయాయి. జనం ఇంకా కొత్తవి అడుగుతూనే ఉన్నారు. తీరా చూస్తే అడుగుతున్నవాటిలో చాలా మటుకు అప్పటికే అందులో ఉన్నవే. వాళ్లకి దొరకలేదు, అంతే. లిస్టుని మాత్రమే నమ్మే టీమ్ అయితే ఉన్నదాన్నే మళ్లీ ఇంకో పేరుతో చేసేది. మైక్రోసాఫ్ట్ వాళ్లు జనం నిజంగా ఏం నొక్కుతున్నారో లెక్కలు తీశారు. పేస్ట్, సేవ్, కాపీ, అన్‌డూ, బోల్డ్, ఈ ఐదే మొత్తం వాడకంలో 32 శాతం దాకా ఉన్నాయట. ఆ లెక్కలు ముందు పెట్టుకునే 2007లో మెనూలన్నీ తీసేసి పైన పట్టీ పెట్టారు. మొదట్లో అందరూ తిట్టారు, నేనూ తిట్టాను. అయితే ఆ ఐదూ తప్ప మిగతావన్నీ దండగ అని దీనర్థం తీయకండి. నాకు అక్కర్లేనిది మీకు కావాలి, మీకు అక్కర్లేనిది ఆడిటర్ గారికి కావాలి. వాడకం లెక్క ఒక్కటే చూసి కోత పెడితే ఏడాదికోసారి వాడే ఇయర్ ఎండింగ్ స్క్రీను మొదట ఎగిరిపోతుంది. అది లేకపోతే షాపు మూతపడుతుంది.

ఇక్కడ మన హైదరాబాద్ వాళ్లకి, బెంగళూరులో ఉన్న మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక అలవాటు ఉంది, దాని గురించి చెప్పాలి. మనలో చాలామంది ముందు సర్వీసెస్ కంపెనీల్లో తయారైనవాళ్లం. అక్కడ క్లయింట్ రిక్వైర్‌మెంట్ రాసి సంతకం పెడతాడు. మనం చేస్తాం. మళ్లీ ఏదైనా అడిగితే ఛేంజ్ రిక్వెస్ట్ అంటాం, దానికి వేరే బిల్లు. అడిగినవాడే డబ్బు కడుతున్నాడు కాబట్టి వద్దనాల్సిన పని లేదు, ఎంత ఎక్కువ అడిగితే మనకి అంత మంచిది. అందులో తప్పేం లేదు, ఆ వ్యాపారం అలాంటిది. అదే మనిషి ప్రొడక్ట్ కంపెనీకి వచ్చి అదే అలవాటుతో అడిగిందే తడవుగా తలూపితే కొంప మునుగుతుంది. ఇక్కడ అడిగేది ఒకడు, డబ్బు కట్టేది మనం. అదీ ఒక్కసారి కాదు. గేదెని కొన్న డబ్బు ఒక్కసారే పోతుంది, మేత ఖర్చు రోజూ ఉంటుంది. ఫీచర్ రాయడానికి అయ్యే ఖర్చు కొన్న ఖర్చు. తర్వాత ప్రతి రిలీజ్‌కీ దాన్ని టెస్ట్ చెయ్యాలి, కొత్తగా చేరినవాళ్లకి నేర్పాలి, అర్థం కానివాళ్ల ఫోన్లు ఎత్తాలి.

టెస్టింగ్ అన్నాను కాబట్టి చిన్న లెక్క. షాపు వాళ్లు ఆన్, ఆఫ్ చేసుకునే సెట్టింగులు ఐదున్నాయనుకోండి. ముప్పై రెండు రకాల షాపులు తయారవుతాయి. పదైతే? [సభలో ఎవరో: వెయ్యి ఇరవై నాలుగు] అవును, 1024. "కావాలంటే ఆన్ చేసుకుంటారు, లేకపోతే లేదు, సెట్టింగ్ పెట్టేద్దాం" అని మీటింగులో ఎవరైనా అన్నారంటే, వాళ్లకి ఆ నిర్ణయం తీసుకోవడం ఇష్టం లేదని అర్థం.

సరే, పద్ధతుల సంగతికొద్దాం. మీరు ఉద్యోగంలో చేరగానే మొదట వినేది మాస్కో. రష్యా రాజధాని కాదు. [నవ్వులు] మస్ట్, షుడ్, కుడ్, వోంట్ అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలతో కట్టిన పేరు. తప్పనిసరి, చెయ్యాలి, చేస్తే మంచిది, ఈసారికి వద్దు అని నాలుగు బుట్టలు. ఒరాకిల్‌లో పనిచేసిన డాయ్ క్లెగ్ 1994లో మొదలుపెట్టాడు. మంచి పద్ధతే. దీన్ని తర్వాత సొంతం చేసుకున్న డీఎస్‌డీఎం అనే ప్రాజెక్టు పద్ధతి వాళ్లు ఒక నియమం కూడా పెట్టారు: తప్పనిసరి బుట్టలో పడేసిన పని మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదు. మన దగ్గర ఆ బుట్టల పేర్లు అందరికీ నోటికొచ్చు, ఈ 60 శాతం సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. అన్నీ తప్పనిసరే. ఆఖరి బుట్టలో వేస్తే ఎవరు నొచ్చుకుంటారో అని అది ఖాళీగా ఉంటుంది. నన్నడిగితే ఆ నాలుగో బుట్టే ముఖ్యం. ఈసారి ఏం చెయ్యట్లేదో రాసి అందరికీ చూపిస్తే సగం గొడవలు అప్పుడే బయటపడతాయి.

మరి నిజంగా తప్పనిసరి అంటే ఎలా ఉంటుంది? 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ సమావేశమైంది. అప్పటిదాకా 12 శాతం పన్నున్న మందులు చాలావరకు 5 శాతంలోకి వచ్చాయి. కొన్ని ప్రాణాలు నిలబెట్టే మందులకి పన్ను పూర్తిగా తీసేశారు. అమలు 22వ తేదీ నుంచి. మధ్యలో 19 రోజులు. దేశంలో మందుల షాపు సాఫ్ట్‌వేర్ చేసే ప్రతి కంపెనీ రోడ్‌మ్యాప్, అంటే రాబోయే నెలల పనుల ప్లాన్, ఆ రోజు రాత్రే చిత్తుకాగితం అయిపోయింది. ఒక్క షాపు వాడు కూడా అడగలేదు, ఓటు వెయ్యలేదు. చెయ్యకపోతే 22 పొద్దున బిల్లు కొట్టలేడు.

అందులో మళ్లీ తిరకాసు చూడండి. పన్ను శాతం మార్చడం సాయంత్రం పని. షెల్ఫులో ఉన్న పాత స్టాకు మీద పాత ఎమ్మార్పీ అచ్చయి ఉంది, అమ్మాల్సింది కొత్త ధరకి. తయారీ కంపెనీలు కొత్త ధరల జాబితాలు పంపిస్తాయి, ఒక్కోటి ఒక్కో రూపంలో. వాటిని తీసుకుని ఉన్న స్టాకు ధరలు ఒక్క దెబ్బతో మార్చే స్క్రీన్ కావాలి. ఇంకోటి, 20వ తేదీన కొన్న మందు 25న వాపసు తెస్తారు. అప్పుడు క్రెడిట్ నోట్, అంటే వాపసుకి ఇచ్చే బిల్లు, ఏ రేటు మీద? పాత బిల్లుది కాబట్టి పాత రేటు మీదే. అంటే సాఫ్ట్‌వేర్‌కి ఇవాళ్టి రేటు తెలిస్తే చాలదు, ఏ తేదీకి ఏ రేటో గుర్తుండాలి. మొదట్లోనే రేటుకి తేదీ తగిలించి దాచుకున్నవాళ్లు దసరాకి ఇంటికి వెళ్లారు. రేటుని ఒక్క గడిలో పెట్టుకున్నవాళ్లు ఆఫీసులోనే బిర్యానీ తెప్పించుకున్నారు. [నవ్వులు, చప్పట్లు] అలా తేదీలు దాచుకుందామని ఏ కస్టమరూ అడగడు. లిస్టులోకి రాని రిక్వైర్‌మెంట్లలో ఇదో రకం, టీమ్‌లో అనుభవం ఉన్నవాళ్లే పట్టుబట్టి పెట్టించాలి.

షెడ్యూల్ హెచ్1 రిజిస్టరు కూడా ఇలాంటిదే. 2014 మార్చి నుంచి కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందులు, అలవాటుపడే ప్రమాదమున్న మందులు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారు అన్నీ విడిగా రాసి మూడేళ్లు దాచాలి. అది ఉందని ఎవరూ మెచ్చుకోరు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజున లేకపోతే ఇంకెప్పుడూ మన ఫోన్ ఎత్తరు.

ఉంటే మెచ్చుకోరు, లేకపోతే ఊరుకోరు అన్నాను కదా. సరిగ్గా దీన్నే జపాన్‌లో నోరియాకి కానో అనే ప్రొఫెసరు 1984లో ఒక పద్ధతిగా పెట్టాడు. ఆయన చేసిన మంచి పని ఏమిటంటే ప్రతి ఫీచర్ గురించీ రెండు ప్రశ్నలు అడగమన్నాడు: ఇది ఉంటే మీకెలా ఉంటుంది? ఇది లేకపోతే ఎలా ఉంటుంది? మనం మొదటిదే అడుగుతాం. "ఇది పెడితే బాగుంటుందా అండీ?" అంటే ఎవరైనా ఏమంటారు? "ఆ, పెట్టండి, బాగానే ఉంటుంది" అంటారు. వాళ్ల సొమ్మేం పోయింది? రెండోది అడిగితే సగం ఫీచర్లు రాలిపోతాయి. "లేకపోతే ఏముందిలెండి, ఇప్పుడు నోటు పుస్తకంలో రాసుకుంటున్నాంగా" అంటారు. కానో చెప్పిన ఇంకో సంగతి, ఇవాళ ముచ్చటపడేది రేపు మామూలైపోతుంది. బిల్లు మీద యూపీఐ క్యూఆర్ కోడు రావడం ఒకప్పుడు గొప్ప. ఇప్పుడు లేకపోతే ముఖం అదోలా పెడతారు.

రైస్ అని ఇంకోటుంది, ఇంటర్‌కామ్ అనే కంపెనీ వాళ్లది. ఎంతమందికి ఉపయోగం, ఎంత ఉపయోగం, మనకెంత నమ్మకం, ఈ మూడూ గుణించి శ్రమతో భాగించాలి. లెక్క మీరే చూసుకోండి, అందులో చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఆ మూడో గడి, నమ్మకం, దాని మీద మాత్రం ఒక్క నిమిషం ఆగుతాను. ఎందుకంటే మనవాళ్లు అక్కడ కళ్లు మూసుకుని 80 శాతం వేస్తారు.

మైక్రోసాఫ్ట్‌లో ప్రయోగాల విభాగాన్ని నడిపిన రాన్ కోహావి బృందం ఒక లెక్క బయటపెట్టింది. బాగుంటుందని నమ్మి చేసి, కొందరికి చూపించి కొందరికి చూపించకుండా కొలిచి చూసిన ఆలోచనల్లో సుమారు మూడో వంతే అనుకున్న మేలు చేశాయి. ఇంకో మూడో వంతుతో లాభమూ లేదు, నష్టమూ లేదు. మిగతా మూడో వంతు ఉన్నదాన్ని చెడగొట్టాయి. తలపండినవాళ్లు, ఏరి ఏరి, బాగుంటాయని పందెం కాసినవి ఇవి. అక్కడే ఇలా ఉంటే మన 80 శాతం ఎక్కడిది?

దీనికి తిరగేసిన కథ కూడా వాళ్ల దగ్గరే ఉంది. వాళ్ల సెర్చ్ ఇంజన్ బింగ్‌లో ప్రకటనల శీర్షిక చూపించే తీరు కాస్త మార్చుదామని ఒక ఉద్యోగి సూచించాడు. చిన్న మార్పు. పెద్ద ప్రాధాన్యం ఇవ్వలేదు, ఆరు నెలలకి పైగా లిస్టులో అడుగున పడి ఉంది. 2012లో ఒక ఇంజనీరు, ఇది చెయ్యడం తేలికే కదా అని చేసి పరీక్షకి పెట్టాడు. ఆదాయం 12 శాతం పెరిగింది. ఒక్క అమెరికాలోనే ఏడాదికి పది కోట్ల డాలర్లకి పైగా. ఆ పెరుగుదల చూసి ముందు అందరూ ఏదో బగ్ అనుకున్నారట. మార్కుల లెక్కలో అది అడుగునే ఉండేది, ఎందుకంటే ఆ మార్కులు వేసింది మనుషులు.

అందుకని నా పద్ధతేమిటంటే, చెయ్యడానికి తేలికై, మనకి నమ్మకం చాలనివి ఉంటాయి కదా, వాటి గురించి గంటలు గంటలు వాదించను. కొన్ని షాపుల్లో పెట్టి చూస్తాను. చెయ్యడం కష్టం, నమ్మకం కూడా తక్కువ అనిపిస్తే కోడ్ ముట్టుకోకుండా ముందు వేరే దారిలో తెలుసుకుంటాను. ఒకసారి షాపులన్నీ గడువు దాటబోయే మందుల హెచ్చరిక వాట్సాప్‌లో రావాలని అడిగాయి. ఏ కోడూ రాయకుండా మా సపోర్టులో ఒకబ్బాయి కొన్ని షాపుల లిస్టు చేత్తో తయారుచేసి రోజూ పంపాడు. మొదటి వారం అందరూ చూశారు. తర్వాత దాదాపు ఎవరూ చూడలేదు. ఎందుకంటే డిస్ట్రిబ్యూటర్ ప్రతినిధి వచ్చే రోజునే ఆ లిస్టుతో పని, వాపసు ఇచ్చేది అప్పుడే కాబట్టి. రోజూ హెచ్చరిక వద్దు, ఆ డిస్ట్రిబ్యూటర్‌కి ఇవ్వాల్సినవి మాత్రం ఒక్క కాగితం మీద కావాలి. అడిగిందానికీ కావాల్సిందానికీ ఎంత దూరం ఉందో చూడండి.

ఇప్పటిదాకా ఏం చెయ్యాలో మాట్లాడాను. ఏం తీసేస్తున్నామో చూడకపోతే ఏమవుతుందో ఒకటి చెప్పాలి. అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్ డాట్ గవ్ అని సైటు తెచ్చింది, 2013 అక్టోబరు 1న. ఖాతా తెరవకుండానే పాలసీలు, ధరలు చూసుకునే సదుపాయం ముందు ప్లాన్‌లో ఉంది. టెస్టింగులో అది సరిగా రాలేదు, టైము లేదు, సరే తర్వాత చూద్దామని పక్కన పెట్టారు. కాగితం మీద చూస్తే సబబుగానే ఉంది, అది లేకపోయినా పాలసీ కొనొచ్చు కదా. కానీ ఫలితం ఏమైంది? ఊరికే ధర చూద్దామని వచ్చినవాళ్లంతా ఖాతా తెరిచే గుమ్మం దగ్గర పోగయ్యారు. ఆ గుమ్మమే సైటులో అన్నిటికన్నా బలహీనమైన చోటు. మొదటి రోజు ఆ సైటులో పాలసీ తీసుకోగలిగింది ఆరుగురు. ముప్పై ఆరు రాష్ట్రాలకి కలిపి, ఆరుగురు. దానికి ఆ ఒక్క నిర్ణయమే కారణం అనను, ఇంకా చాలా ఉన్నాయి. కానీ ఒక ఫీచర్ తీసేసేటప్పుడు దాని మీదుగా వెళ్లే జనం ఇప్పుడు ఎటు వెళ్తారు అని ఎవరో ఒకరు అడగాలి. లిస్టులో ఒక్కో లైను విడివిడిగా ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్న ఎవరికీ తట్టదు.

ఇదే కోవలో మన దేశం సంగతి ఒకటి. యూపీఐ 2016 ఏప్రిల్‌లో వచ్చినప్పుడే అందులో రెండు దారులున్నాయి. డబ్బు పంపడం ఒకటి, ఎదుటివాళ్లని డబ్బు అడగడం ఇంకోటి, దాన్ని కలెక్ట్ రిక్వెస్ట్ అంటారు. రిక్వైర్‌మెంట్‌గా చూస్తే ఎంత ముచ్చటగా ఉంది! నలుగురం హోటల్లో తిన్నాం, బిల్లు నేను కట్టాను, మీ ముగ్గురికీ రిక్వెస్ట్ పంపాను, మీరు పిన్ కొడితే నాకు డబ్బు వచ్చింది. మోసగాళ్లు దాన్ని ఇంకోలా చదివారు. మీరు ఆన్‌లైన్లో పాత మంచం అమ్మకానికి పెడతారు. ఒకడు ఫోన్ చేసి, "అంకుల్, డబ్బులు పంపుతున్నాను, రిక్వెస్ట్ వస్తుంది, ఓకే చేసి పిన్ కొట్టండి, మీ అకౌంట్లో పడతాయి" అంటాడు. పిన్ కొట్టగానే డబ్బు మీ అకౌంట్లోంచి పోతుంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని ఎన్ని ప్రకటనలిచ్చినా ఆగలేదు. లావాదేవీకి రెండు వేల పరిమితి పెట్టారు, ఆగలేదు. చివరికి 2025 అక్టోబరు 1 నుంచి మనుషుల మధ్య కలెక్ట్ రిక్వెస్టుని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపించేసింది. వ్యాపారులకి మాత్రం ఉంచారు. పుట్టినప్పటి నుంచి ఉన్న ఫీచర్‌ని తొమ్మిదేళ్ల తర్వాత తీసేశారు. తీసెయ్యడం కూడా ఎంపికే, పైగా ధైర్యం ఎక్కువ కావాల్సిన ఎంపిక. పాత మంచం అమ్ముకునే ఆ పెద్దాయన ఏ రిక్వైర్‌మెంట్ మీటింగులోనూ కూర్చుని ఉండడు. ఆయన తరఫున మాట్లాడాల్సింది మనమే.

టైమైపోతోందంటున్నారు. ప్రశ్నలేమైనా ఉంటే తీసుకుందాం.

[ఒక విద్యార్థి: సార్, ఇవన్నీ మేనేజర్లు తేల్చేవి కదా. కొత్తగా చేరిన డెవలపర్ చేతిలో ఏముంటుంది?]

మంచి ప్రశ్న. నీ చేతిలో ఒక గడి ఉంది, బాబూ. ఎంత శ్రమ అవుతుంది అన్నది నువ్వే చెప్పాలి. అది చెప్పే ముందు మూడు సంగతులు అడుగు. ఇది ఏ షాపు వాళ్లు అడిగారు? చివరిసారి వాళ్లకి ఈ అవసరం ఎప్పుడు వచ్చింది? అప్పుడు ఇది లేకుండా ఎలా గడిచింది? ఎస్టిమేట్ చెయ్యడానికే అడుగుతున్నావు కాబట్టి ఎవరూ తప్పుపట్టరు. మూడోదానికి జవాబు దొరికితే చాలాసార్లు ఇంకా చిన్న పని చాలని నీకే తెలుస్తుంది. దాన్ని కూడా పక్కన రాసి ఇవ్వు: ఇలా అయితే మూడు వారాలు, ఇలా అయితే రెండు రోజులు అని. మేనేజరు ఏది తీసుకుంటాడో చూడు.

[ఒక ఉద్యోగిని: పెద్ద ఆసుపత్రి వాళ్లు, ఇది ఒక్కటి చేసిస్తే వంద కౌంటర్లకి తీసుకుంటామంటారు. అది ఎవరికీ పనికిరాదని తెలిసినా వద్దనగలమా అండీ?]

వద్దనలేం అమ్మా, చాలాసార్లు. జీతాలివ్వాలి కదా. కాకపోతే తెలిసి చెయ్యండి. ఆ డబ్బుకి ఇది చేస్తున్నాం, ఇది ప్రొడక్ట్ కోసం కాదు అని రాసుకోండి. వీలైతే దాన్ని విడి భాగంగా పెట్టి ఏడాది ఏడాదికీ దాని నిర్వహణ డబ్బు ఒప్పందంలోనే అడగండి. ఆ మాట అడగ్గానే ఆ "ఒక్కటి" వాళ్లకి అంత అవసరమా కాదా అన్నది కూడా తేలిపోతుంది. నేను చూసినంతలో సగం మంది అక్కడే, ప్రస్తుతానికి ఉన్నదే ఇవ్వండి, తర్వాత చూద్దాం అంటారు. అలా ఇద్దరు ముగ్గురు కస్టమర్లకి ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లు శాశ్వతంగా అంటుకుపోయిన కంపెనీలు కూడా చూశాను. వాళ్లు ప్రొడక్ట్ కంపెనీ అనే బోర్డు పెట్టుకున్నారు గానీ చేస్తున్నది సర్వీసెస్ పనే, అదీ సర్వీసెస్ రేటు లేకుండా.

[మరో విద్యార్థి: ఇప్పుడు ఏఐతో కోడ్ గంటల్లో అయిపోతోంది. అలాంటప్పుడు అడిగినవన్నీ చేసి పారేస్తే పోలా సార్?]

[నవ్వులు] దీని కోసమే ఎదురుచూస్తున్నాను. రాసే ఖర్చు తగ్గింది, నిజం. కౌంటర్ మీద స్క్రీన్ సైజు పెరగలేదు. అందులో ఇంకో పది బటన్లు పెడితే ఆ కుర్రాడికి కావాల్సిన బటన్ ఇంకాస్త వెనక్కి పోతుంది. సపోర్టుకి ఫోన్లు తగ్గవు. జీఎస్టీ మళ్లీ మారినప్పుడు ఈ అన్నిట్లోనూ మార్చాలి, ఒక్కటి తప్పితే బిల్లు తప్పు. నేనైతే ఆ చవకని వేరే దానికి వాడతాను. ఒకే అవసరానికి మూడు రకాలుగా స్క్రీన్ చేసి, షాపులో పెట్టి, రెండు అవతల పారేస్తాను. ఇదివరకు చేసిందాన్ని పారెయ్యాలంటే మూడు వారాల కష్టం అని మనసొప్పేది కాదు, ఇప్పుడు ఆ బాధ లేదు. మీరు ఎక్కడైనా దీన్ని చేసి చూడాలనుకుంటే మాత్రం పొద్దున వెళ్లకండి, రద్దీ ఉండదు, ఓనరు గారు టీ తెప్పించి మీకు రిపోర్టుల గురించే చెప్తారు. సాయంత్రం ఓపీలు అయ్యే వేళకి వెళ్లి, కౌంటర్ వెనక కుర్రాడికి అడ్డం రాకుండా ఓ మూల నిలబడండి. నోట్‌బుక్ తీసుకెళ్లండి, ల్యాప్‌టాప్ వద్దు. అక్కడ పెట్టుకోవడానికి చోటు ఉండదు.